ప్రేమవిందులో రాగి సంగటి



మనము ఏమి తినాలి, ఎవరి దగ్గర కొనాలి అన్నది ఎవరి ఇంటి విషయము వారిదేనా? లేక సంఘముగా కూర్చుండి ఆలోచించవలసిన విషయమా? ఈ ప్రశ్న మాకు పుస్తకములలో నుండి రాలేదు. 2025 జనవరిలో జరిగిన కోతకాల కృతజ్ఞతా పండుగకు ముందు మా సంఘ కమిటీలో తలెత్తినది. ఆనాడు ఒక వృద్ధ సహోదరి పలికిన మాట మమ్మును చాలా రాత్రులు నిద్రపోనీయలేదు. అందుచేత దానిని మీ అందరి ముందు పెట్టుచున్నాము.

మాది కోలారు బంగారు గనుల ప్రాంతము. మా పెద్దలు చిత్తూరు, నెల్లూరు వైపు నుండి గని పనికి వచ్చి ఇక్కడనే స్థిరపడినవారు. 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడిన తరువాత మా పిల్లలలో చాలామంది తెల్లవారక ముందే రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్ళి, చీకటి పడిన తరువాత ఇల్లు చేరుచున్నారు. అక్కడ వారు నాలుగు విషయములు చూచి, విని వచ్చుచున్నారు. వారిలో కొందరు కమిటీ ఎదుట ఒక కోరిక పెట్టారు. ఈసారి ప్రేమవిందుకు బిర్యానీ వద్దు, రాగి సంగటి, అనపగింజల పులుసు పెడదాము అన్నారు. రాగులు చుట్టుపక్కల పల్లెల రైతుల వద్దనే కొందాము, ప్లాస్టిక్ గ్లాసులు, థర్మాకోల్ పళ్ళెములు మాని విస్తరాకులలో వడ్డిద్దాము అన్నారు.

పెద్దలమైన మాకు ఇది ఎంతో నచ్చినది. దానియేలు, అతని స్నేహితులు రాజు పంపిన భోజనము కాదని శాకధాన్యములు తిని పది దినముల పరీక్షకు నిలిచిన సంగతి తీసి, మేము పది నిమిషములు మాటలాడాము. అందరూ తల ఊపారు. అప్పుడు స్త్రీల సమాజము వైపు నుండి, గని పనిలో భర్తను పోగొట్టుకొన్న ఒక వృద్ధ సహోదరి లేచి నిలబడినది.

"అయ్యవారూ, నా బతుకంతా సంగటే తింటిని. ఇష్టమై కాదు, బియ్యం కొనే శక్తి లేక. పండగపూట గుడిలో అన్నం పెడతారని పిల్లోళ్ళను వెంటబెట్టుకొని వస్తా ఉంటిని. ఇప్పుడు మీకు అది మంచి తిండి అయిందని, పండగనాడు గూడా నాకు సంగటేనా?"

ఎవరికీ నోట మాట రాలేదు. పాస్టరుగారు ప్రార్థన చేసి, నిర్ణయమును తరువాతి వారమునకు వాయిదా వేశారు.

ఆమె మాట మమ్మును ఎందుకు అంతగా తాకినదో చెప్పుకొనక తప్పదు. మా చిన్నతనములో ఇంటికి చుట్టము వస్తే అమ్మ సంగటి కుండను మూలకు జరిపి, పొరుగింట సోలెడు బియ్యము బదులు తెచ్చి వండేది. బడిలో మధ్యాహ్నము సంగటి మూట విప్పుటకు సిగ్గుపడి, చెట్టు చాటున కూర్చుండి తిన్నవారిలో మేమును ఉన్నాము. అన్నము పండుగ తిండి, ఉన్నవారి తిండి. సంగటి లేనివారి తిండి. ఆ గింజలో ఏ లోపమూ లేదు. మనకు వేరొక దారి లేదని లోకమునకు తెలిసిపోవుటలోనే మన సిగ్గంతా ఉన్నది.

తిండికిని గౌరవమునకును ఉన్న ఈ ముడి తెలుగు బాప్తిస్టులకు క్రొత్తది కాదు. 1876–78 కరువులో ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసుకొని వేలమందికి పని చూపించారు. అయితే గంజి కొరకు సంఘములో చేరారన్న మాట ఎవరి మీదను రాకూడదని, ఆ కరువు పని సాగినంత కాలము బాప్తిస్మములు ఇవ్వలేదు. కరువు తీరిన పిమ్మట, 1878 జూలై 3న, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ సంగతిని మనము పండుగలలో గర్వముగా చెప్పుకొనుచున్నాము. దానిలోని నీతిని మాత్రము తరచు మరచుచున్నాము. ఆకలితో ఉన్నవానికి ఎన్నుకొనే స్వేచ్ఛ లేదు. వాని ఆకలిని ఆసరా చేసికొని మన ఇష్టమును వాని మీద మోపరాదు.

తరువాత కాలము మారినది. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యము పథకమును ఆరంభించినది. కర్ణాటకలో 2013లో అన్నభాగ్య వచ్చినది. అదే సంవత్సరము దేశమంతటికిని ఆహార భద్రతా చట్టము వచ్చినది. ఆ బియ్యము ఎన్నో పేద పొయ్యిలు ఆరకుండ కాపాడినది. దానిని చులకన చేసే హక్కు మనలో ఎవరికిని లేదు. అయితే బియ్యము చౌకగా చేతికి వచ్చేకొద్దీ రాగి, జొన్న, కొర్ర, సామ వంటి మెట్ట పంటలు మన కంచములకును, మన చుట్టూ ఉన్న చేలకును దూరమైనవి.

ఇప్పుడు చక్రము తిరిగినది. మన దేశము ప్రతిపాదింపగా ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల సున్నము ఉండగా, అంతే తూకము తెల్ల బియ్యములో పది మిల్లీగ్రాములకు అటు ఇటుగా మాత్రమే ఉన్నది. రాగికి వరికంటె చాలా తక్కువ నీరు చాలును. బోరుబావులు ఎండిపోయిన కోలారు జిల్లాలో ఇది చిన్న సంగతి కాదు. కాబట్టి మా యౌవనస్థులు చెప్పినదానిలో తప్పు లేదు. వారి లెక్కలు సరియైనవే. ఆ లెక్కలలో మా సహోదరి ఒక్కతె కనబడలేదు.

మరియొక సంగతి. మన తల్లులు సిగ్గుపడి దాచిన గింజయే నేడు రంగు పొట్లములో పడి పెద్ద అంగళ్ళలో కూర్చున్నది. రాగి బిస్కత్తు, రాగి సేమియా అని పెద్ద అక్షరములు ఉంటవి. వెనుకకు త్రిప్పి చూడండి. పొట్లములో ఏది ఎక్కువ తూకము ఉన్నదో దానిని మొదట వ్రాయవలెనని నియమము. చాలా పొట్లములలో మొదట మైదా, తరువాత చక్కెర, ఆ తరువాత ఎక్కడనో రాగి కనబడును. దానికి చెల్లించే వెల రాగుల వెలకు కొన్ని రెట్లు. పండించిన రైతుకు అందులో చేరేది ఎంత? తినవలసిన పేదరాలు దానిని కొనగలదా?

ఇక మొదటి ప్రశ్నకు వద్దాము. తిండి ఎవరి ఇష్టము వారిది అనేవారు రోమా పత్రిక 14వ అధ్యాయమును చూపుదురు. తినేవాడు తిననివానిని తృణీకరింపరాదనియు, తిననివాడు తినేవానికి తీర్పు తీర్చరాదనియు అపొస్తలుడు అక్కడ బోధించుచున్నాడు. నిజమే. ఏ గింజయు మనలను పరలోకమునకు చేర్చదు. యానాములో ఉన్న మన సహోదరులకు ఊరి తిండి అంటే గోదావరి నీటితో పండిన వరి అన్నము, గోదావరి చేప. వారిని రాగి తినుమని చెప్పుట తెలివితక్కువ. కాని అదే అపొస్తలుడు కొరింథీ సంఘమును గద్దించిన సంగతిని కూడ చదవాలి. ప్రభువు బల్ల యొద్ద కలవారు ముందుగా తిని తృప్తిపొందుచుండగా లేనివారు ఆకలితో కూర్చున్నారు. అక్కడ అతడు తప్పుపట్టినది వంటకమును కాదు, లేనివారిని సిగ్గుపరచుటను. మేము దానియేలును గురించి మాటలాడినప్పుడు కూడ ఒక సంగతి మరచిపోయాము. అతడు మొదట తన కొరకే తీర్మానించుకొన్నాడు. అతని స్నేహితులు సమ్మతించి అతనితో నిలిచారు. ఆకలిగొన్నవారి పంక్తి మీదికి అతడు తన నియమమును తీసుకొనిపోలేదు.

కనుక మాకు తోచినది ఇది. మనము తినేది నీతి విషయమే. అయితే నీతి గింజలో లేదు. పండించినవానికి న్యాయమైన వెల ముట్టినదా, ప్రక్కన కూర్చున్నవారికి గౌరవము దక్కినదా అన్నదానిలో ఉన్నది. ఎన్నుకొనే శక్తి ఉన్నవాడు దానికి లెక్క అప్పగించవలసినవాడు. ఆ శక్తి లేనివారి తరపున ఎన్నిక చేసే అధికారము మాత్రము వానికి లేదు.

దీనిని ఆచరణలో చూపినవారు ఉన్నారు. తెలంగాణలో జహీరాబాదు దగ్గర పస్తాపూరులో 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలో ఎక్కువమంది దళిత స్త్రీలు, చిన్న కమతముల వారు. 1990ల నడుమ వారు బీడుపడిన భూములలో జొన్న పండించి, ఊరిలోనే నిలువ చేసి, చౌకగా పంచుకొన్నారు. ఎవరు అందరికంటె పేదవారో ఊరివారే కూర్చుండి తేల్చారు. ఒడిశాలో తెలుగువారు తరతరములుగా ఉన్న రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాలతో సహా ఏడు జిల్లాలలో 2017లో చిరుధాన్యముల మిషన్ ఆరంభమైనది. పొలములోనే కాక, పండించినవారి కంచములోనికి కూడ ఆ గింజ తిరిగి రావలెనన్నది దాని ఉద్దేశము. ఈ రెండు చోట్లను బీదవారికి ఎవరో తిండిని గూర్చి పాఠము చెప్పలేదు. తమ విత్తనము, తమ వంట, తమ తీర్పు వారి చేతిలోనే ఉన్నవి.

తరువాతి వారము కమిటీ మరల కూడినది. ముందుగా మేము లేచి ఆ సహోదరిని క్షమాపణ అడిగాము. సంగటి, అన్నము రెండును వండవలెననియు, ఎవరికి ఏది కావలెనో వారే అడిగి పెట్టించుకోవలెననియు నిర్ణయమైనది. రాగులను పల్లెలోని రైతుల వద్దనే కొన్నాము. ఆ సంవత్సరము కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,290 రూపాయలు, అనగా కిలోకు 43 రూపాయలకు కొంచెము తక్కువ. దానికి ఒక్క రూపాయి తగ్గించి అడుగరాదని అనుకొన్నాము. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పెద్ద అంగడిలో బిల్లు చూడకుండ చెల్లించే మేము, బుట్ట దించుకొని కూర్చున్న కూరగాయలామె దగ్గర ఐదు రూపాయలకు ఎన్నోసార్లు బేరమాడాము. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని పిల్లలకు నేర్పిన మేము, బేరములో కూడ ఒక దొంగ త్రాసు ఉన్నదని ఇంత కాలము గ్రహింపలేదు.

పండుగనాడు వంట దగ్గర ఒక చిక్కు వచ్చినది. యౌవనస్థులకు సంగటి కెలుకుట రాలేదు. నూకలు ఉడికిన ఎసరులో పిండి పోయగానే గడ్డలు కట్టినది. అప్పుడు ఆ వృద్ధ సహోదరియే వచ్చి, కొంగు బిగించి, తెడ్డు అందుకొన్నది. పిండిని నడుమ కుప్పగా పోసి కొంతసేపు కదపక ఉడుకనీయాలని, తరువాత గుండిగను ఇద్దరు పట్టుకొంటే ఒకరు కెలకాలని చూపించినది. కాలేజీ చదువుకొన్న పిల్లలు ఆమె చుట్టూ నిలబడి నేర్చుకొన్నారు. నూటికి పైగా ముద్దలు ఆమె చేతి మీదుగా వెళ్ళినవి. పంక్తిలో కూర్చున్నప్పుడు మాత్రము ఆమె అన్నమే పెట్టించుకొన్నది. ఈసారి మేము ఏమియు అనలేదు.

ప్రియులారా, కర్ణాటకలో దీనిని రాగి అనినను, తమిళనాడులో కేళ్వరగు అనినను, ఒడిశాలో మాండియా అనినను, మహారాష్ట్రలో నాచణి అనినను గింజ ఒక్కటే. మీ ఊరి తిండి ఏదో మీకే తెలియును. మూడు సంగతులు మాత్రము మనవి చేయుచున్నాము. సంఘపు విందులకు కావలసినవి వీలైనంతవరకు ఊరి రైతు వద్ద, న్యాయమైన వెలకు కొనండి. పిల్లల కొరకు పొట్లము కొనే ముందు వెనుక వ్రాసినది చదవండి. అన్నిటికంటె ముందుగా, విందులో ఏమి వండవలెనో నిర్ణయించే చోట, ఇంటిలో ఎన్నుకొనే వీలు లేనివారిని కూర్చుండబెట్టి వారి మాట వినండి.

మన అనుదినాహారము ఇచ్చుచున్న దేవుడు, దానిని పండించినవారిని మరువని మనస్సును, ఎవరినీ సిగ్గుపరచని పంక్తిని మన సంఘములన్నిటికిని దయచేయును గాక. ఆమేన్.