విడిచిన వరుస

ఢిల్లీ నగరమున శీతకాలపు మధ్యాహ్నములయందు స్త్రీలు ఎండలో మంచములు వేసికొని, మాటలాడుచునే స్వెట్టర్లు అల్లుట పూర్వము నిత్యదృశ్యము. భర్తల ఉద్యోగముల వెంట అచటికేగిన తెలుగు ఇల్లాండ్రు అనేకులు ఆ విద్యను ఇరుగుపొరుగు స్త్రీలయొద్ద నేర్చిరి. అట్టి యొక గృహిణిని ఊహింపుడు. పదియేండ్ల కుమారుని కొరకు ఆమె ఆరంభించిన స్వెట్టరు సగములో నుండగా భర్తకు బదిలీ వచ్చెను. కాకినాడ ఉక్కలో ఊలుతో పనియేమి? నాఫ్తలీను ఉండలతో అది ట్రంకుపెట్టెలో చేరెను. ఇరువదియేండ్లకు ఆమె దానిని మరల చేతబట్టినది. సగము చేసి విడిచిన పనికి మనుష్యుడు ఏమైనను ఋణపడియుండునా?

మొదట చేతుల సంగతి. ‘ఉల్టా’ ఎట్లు వేయుదురో చెప్పుమనిన ఆమె తడబడును. సూదులు చేతికిచ్చినచో రెండవ వరుసకే వ్రేళ్లు దారి కనుగొనును. జరిగిన సంగతుల జ్ఞాపకము వేరు, చేతిపనుల జ్ఞాపకము వేరు అని మనశ్శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అయినను వ్రేళ్లు మరువనంతమాత్రమున చేయి పూర్వపు చేయి కాదు. అవే సూదులు, అదే ఊలు. కాని దారమును బిగించు పట్టు మారినది. విడిచిన వరుసనుండియే సాగించినచో పాత క్రొత్తల నడుమ ఒక గీత యేర్పడును. అల్లిక తెలిసినవారి కంటికి అది వెంటనే అగపడును.

విప్పివేయుట రెండవ మార్గము. నేతగుడ్డకు లేని సదుపాయము అల్లికకు కలదు. సూది తీసి కొన లాగినచో వరుసవెంట వరుస వీడిపోవును. వీడిన ఊలు వంకరలు తిరిగియుండును. చిలపగా చుట్టి గోరువెచ్చని నీట తడిపి వ్రేలాడదీసినచో చాలమట్టుకు సాపగును. పోవునది శ్రమ మాత్రమే. ఆ ‘మాత్రమే’ అను మాటయే కష్టము. ఆ వరుసలలో ఆమె యౌవనపు మధ్యాహ్నములున్నవి.

హెబ్రీ భాషలో ‘షూబ్’ అను క్రియ కలదు. నడచిన దారిని వెనుకకు తిరుగుటకును, పశ్చాత్తాపపడుటకును ప్రవక్తలు ఆ యొక్క మాటనే వాడిరి. గ్రీకు క్రొత్త నిబంధనలోని ‘మెటనోయియా’ను తెలుగు బైబిలు ‘మారుమనస్సు’ అనుచున్నది. మొదటిది కాళ్లను తలచు మాట, రెండవది మనస్సును. కాళ్లు పాత చోటికి రావచ్చును. వచ్చినవాడు పాతవాడు కాడు. పాత వరుసను పట్టుకొనుటయే తిరిగివచ్చుట యనుకొనువారు ఈ సంగతిని మరచుచున్నారు.

ఇంతకును ఆ స్వెట్టరు ఎవరిది? పదియేండ్ల బాలుడు ఇప్పుడు లేడు, ముప్పదియేండ్ల పురుషుడున్నాడు. అప్పటి కొలతకు పూర్తిచేయుట నమ్మకత్వమువలె కనబడును గాని, నిజమునకు అది లేని బాలునికి అల్లుట. (కొందరు తల్లులు ఊలు లేకయే ఈ పని చేయుదురు.) బాలునికి కొన్న ఊలు పెద్దవానికి చాలదు. చలిదేశమందున్న అతని రెండేండ్ల కుమార్తెకు చాలును.

1400 ప్రాంతమున జర్మనీలో మాస్టర్ బెర్ట్రాం చిత్రించెనని చెప్పబడు బుక్స్టెహూడె బలిపీఠముపై, మరియ నాలుగు సూదులతో చిన్న అంగీ అల్లుచుండగా దేవదూతలు సిలువను, ఈటెను పట్టుకొని నిలిచియుందురు. ఆ చిత్రము హాంబర్గు చిత్రశాలలో నున్నది. కుట్టులేని ఆ అంగీ బాలునితోకూడ పెరిగెనని ఒక ఐతిహ్యము. కాకినాడ ట్రంకుపెట్టెలోని ఊలు అట్లు పెరుగదు. ఆ తల్లి సూదిని మెల్లగా బయటికి లాగి, దారపు కొనను వెదకవలసియున్నది.