పరీక్షలో ఉన్న మందు – రోగి సమ్మతి ఒక అమానతు

ఊపిరితిత్తుల క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు, "కొత్త మందు ఒకటి పరీక్షలో ఉంది, చేరతారా?" అని వైద్యులు అడగవచ్చు. చేరడం తవక్కుల్‌కు విరుద్ధమా? అల్లాహ్ అమానతుగా ఇచ్చిన దేహాన్ని ప్రయోగానికి ఒప్పగించవచ్చా?

వృద్ధాప్యానికి తప్ప ప్రతి వ్యాధికీ మందు ఉందని, చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఇమామ్ గజాలీ (రహ్మ) సాధనాలను మూడు తరగతులు చేశారు: ఆకలికి అన్నంలా తప్పక పనిచేసేవి, మేలు చేస్తాయని బలంగా నమ్మదగినవి, కేవలం ఊహపై ఆధారపడినవి. మొదటిదాన్ని వదిలేయడం తవక్కుల్ కాదు, పాపం. రెండోది తవక్కుల్‌కు విరుద్ధం కాదు. మూడోదాని వెంటపడకపోవడమే తవక్కుల్‌కు తగినది.

ఊహగా ఉన్న మందు నమ్మదగినదో కాదో తూచి తేల్చేదే వైద్య పరీక్ష. ఒసిమెర్టినిబ్ మాత్రనే చూడండి. ఇ.జి.ఎఫ్.ఆర్. జన్యువులో మార్పు వల్ల వచ్చిన క్యాన్సర్‌కు తొలుత ఇచ్చే మాత్రలు కొంతకాలానికి పనిచేయడం మానేస్తాయి. అందుకు తరచు కారణమయ్యే టి790ఎమ్ అనే మరో మార్పుకు గురిపెట్టి చేసిన మందు ఇది. 419 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. వ్యాధి ముదరకుండా ఆగిన మధ్యస్థ కాలం కీమోథెరపీతో 4.4 నెలలు, ఈ మందుతో 10.1 నెలలు. ఆ 419 మంది ముందుకు రాకుంటే ఈ సంగతి తెలిసేది కాదు. పరుల మేలు కోరే సంకల్పంతో (నియ్యత్) చేరినవారికి అల్లాహ్ వద్ద పుణ్యం ఆశించవచ్చు. చేరనివారిపై దోషం లేదు.

అయితే 10 నెలలు ఆగడం స్వస్థత కాదు. పైగా ఆ పరీక్షలో ప్రతి ముగ్గురిలో ఒకరికి కీమోథెరపీయే వంతుకు వచ్చింది. ఈ నిజాలన్నీ రోగికి తెలియాలి. మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? "అబ్బాకు చెప్పకండి, తట్టుకోలేరు" అని జబ్బు పేరే దాచి, కొడుకులే అన్నీ నిర్ణయిస్తారు. ఇది ప్రేమతో చేసే పనే. కాని దేహమనే అమానతు తండ్రిది, కొడుకుది కాదు. తన జబ్బేమిటో తెలియని మనిషి దేనికి సమ్మతించినట్టు? మన దేశపు 2019 నాటి నిబంధనలు కూడా రోగికి అన్నీ తెలిపి, రాతపూర్వకంగా సమ్మతి తీసుకోమంటున్నాయి. మధ్యలో వైదొలగే హక్కునూ ఇస్తున్నాయి.

జబ్బు దాచినవారు మరొకటి కూడా లాక్కుంటున్నారు. అప్పులు తీర్చుకునే, వసీయత్ రాసుకునే, నొప్పించినవారిని క్షమాపణ కోరే, తౌబా చేసుకునే వ్యవధి అది. కనుక మెత్తగా చెప్పండి, ధైర్యం చెప్పండి, కాని నిజమే చెప్పండి.

అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక! ఆమీన్.