ఆకలిని ఏ ఖాతాలో వ్రాయవలెను?

పర్యుషణ పర్వమున ఎనిమిది దినములు పగటివేళ కాచిన నీరు మాత్రము పుచ్చుకొని గడపిన వర్తకుడు, పండుగ ముగిసిన నెలకు వైద్యుని యొద్దకు పోవును. వైద్యుడు బరువు తూచి, నడుము కొలిచి, రక్తమున చక్కెర ఎంత యున్నదో చూచి, భారతీయ పురుషునికి నడుము 90 సెంటీమీటర్లు దాటరాదనియు, స్త్రీకి 80 దాటరాదనియు చెప్పి, పది కిలోలు తగ్గి రమ్మనును. ఇంటివారికి చింత యుండదు. "అఠాయి చేసిన మీకు ఇదొక లెక్కా?" అందురు. నాలుగు దినములు బాగుగనే జరుగును. ఐదవనాడు ఉదయము పదకొండు గంటలకు అంగడిలోనికి వేడి పకోడీల పొట్లము రాగానే ఆయన చేయి తనంత తానే ముందుకు సాగును.

ఇట్టివారు ప్రతి బజారులోను కలరు. ఎనిమిది దినముల నిరాహారమును సహించినవాడు నాలుగు పకోడీల లోటును ఏల సహింపలేకున్నాడు? నవ్వి విడువదగిన ప్రశ్న కాదిది. ఆకలిని ఓర్చుట యన నేమి, ఆ ఓర్పు ఎవరి ఖాతాకు జమయగును అను రెండు సంగతులును ఇందులోనే యున్నవి.

ఉపవాసమునకు ముందు ప్రత్యాఖ్యానము గ్రహింతురు. గురువుల సమక్షమున ఒక్కమారు పలికిన ఆ మాటతో ఆనాటి బేరము ముగిసినట్లే. ధర ఖాయమైన పిమ్మట మనస్సు నెమ్మదించుననియు, ఖాయము కానంతవరకే పెనుగులాట యనియు వర్తకునికి ఒకరు చెప్పనక్కరలేదు. ఉపవాసదినమున కడుపు ఒకటి రెండు మారులు అడిగి ఊరకుండును. పైగా తోడివారందరు చేయుచుందురు; ఇంట గౌరవముండును; ముగియు దినము తెలిసియుండును; ఆ దినమున పారణ కలదు. బరువు తగ్గదలచినవానికి వీనిలో ఒక్కటియు లేదు. మాట యిచ్చినది ఎవరికి? ముగియునది ఎన్నడు? ప్రతి పూట, ప్రతి ముద్దకు బేరము క్రొత్తగా మొదలగును. "ఈ ఒక్కటి" అని కడుపు అడుగును, "రేపటి నుండి చూతము" అని మనస్సు ఒప్పుకొనును. ఇట్టి బేరమున గెలిచినవారు అరుదు.

బాహ్యతపస్సులు ఆరింటిలో మొదటిది అనశనము, రెండవది ఊనోదరము. దీనినే అవమౌదర్యమనియు అందురు. మొదటిదానికున్న కీర్తి రెండవదానికి లేదు. అఠాయి చేసినవారికి ఊరేగింపు కలదు. రెండు రొట్టెలు తక్కువ తినినవానికి ఎవరును హారతి పట్టరు. అయినను శాస్త్రకారులు దీనిని ఎంత సూక్ష్మముగ లెక్కించిరో చూడవలెను. పురుషుని నిండు భోజనము 32 కబళములనియు, స్త్రీకి 28 అనియు వారు నిర్ణయించిరి. ఆపైన ఎనిమిది కబళములు తినిన అల్పాహారమనియు, పండ్రెండు, పదునారు, ఇరువదినాలుగు అని మెట్లు కట్టి, కట్టకడకు ముప్పదియొకటి తిని ముప్పదిరెండవదానిని విడిచినను ఊనోదరమే యనిరి.

ఒక్క కబళము! దాని వలన శరీరమునకు వచ్చు లాభనష్టములు లెక్కకు రావు. కాని దానిని విడువవలెనన్న తినువాడు మెలకువగ నుండవలెను. ఒక చేత ఫోను పట్టుకొని సరుకు ధరలు మాట్లాడుచు తినువానికి ముప్పదియొకటవది ఏదో, నలువదియవది ఏదో తెలియదు. తన కడుపు ఎప్పుడు నిండినదో పళ్ళెము ఖాళీయైన పిమ్మటగాని ఎరుగడు. అనశనమున పళ్ళెమే ముందుకు రాదు. ఊనోదరమున పళ్ళెము ముందుండగా, వడ్డించువారు "ఇంకొక్కటి" అని బలవంతము చేయుచుండగా చేయి కడుగవలెను. పకోడీల పొట్లము వద్ద ఓడిపోయిన వర్తకుడు మొదటి విద్య నేర్చి రెండవదానిని నేర్వనివాడు. ఒకటి వచ్చిన రెండవది వచ్చినట్లే యనుకొనుట ఇంటివారి పొరపాటు.

ఇక ఆకలి సంగతి. అది తీర్చని అప్పువంటిదనియు, గంటగంటకు చక్రవడ్డీవలె పెరిగి తుదకు మనుష్యుని కూలద్రోయుననియు చాలమందికి భయము. శరీరశాస్త్రము ఇట్లు చెప్పదు. 1999లో జపాన్ శాస్త్రజ్ఞులు గ్రెలిన్ అను ఒక హార్మోనును కనుగొనిరి. ఇది ముఖ్యముగ జీర్ణాశయమున పుట్టి, మెదడునకు ఆకలి వార్త చేరవేయును. అలవాటైన భోజనవేళకు ముందు పెరుగును, తినిన పిమ్మట తగ్గును. విశేషమేమనగా, ఒక దినమెల్ల తినకుండిన వారియందు కూడ ఇది భోజనవేళలకు పెరిగి, తినకున్నను మరల తానే తగ్గుట పరిశోధనలలో కనబడినది. ఉపవాసము చేసిన ముదుసలి యెవరిని అడిగినను ఈ మాటయే చెప్పుదురు. మధ్యాహ్నము పండ్రెండింటికి కడుపులో చేయి పెట్టి కెలికిన ఆకలి రెండింటికి ఎక్కడికి పోయినదో తెలియదు.

కాగా పదకొండు గంటల ఆకలిలో పాలెంత కడుపుది, పాలెంత గడియారముది? బళ్ళారిలో ఆ వేళకు ఉల్లి లేని ఒగ్గాణి, మిరపకాయ బజ్జీ వచ్చును. మరియొక ఊరిలో వడ వచ్చును. ఊరిని బట్టి వంటకము మారును, గంట మాత్రము మారదు. ఏండ్ల తరబడి ఆ గంటకు పెట్టినందున కడుపు ఆ గంటకు చేయి చాపుట నేర్చినది. నేర్చినదానిని మరపించుటకు వారములు పట్టును, ఒక దినమున కాదు. "ఆకలి రుచి యెరుగదు" అను సామెతయే ఇచ్చట మంచి గీటురాయి. ఉప్పు లేని పెసరపప్పు, రెండు పుల్కాలు ఇచ్చిన తినబుద్ధి యైనచో అది ఆకలియే. పకోడీ తప్ప మరేదియు వలదన్నచో అది నాలుక పని.

ఓర్పునకు కొలత కావలెనన్న అదియు ఇంటనే కలదు. సూర్యోదయమైన 48 నిమిషములకుగాని నోట నీరైన పోయని నవకారసీ ఎందరో చిన్ననాటి నుండి పాటించుచున్నారు. సామాయికము కూడ 48 నిమిషములే. ఆ ఒక్క ముహూర్తము కదలక కూర్చుండుట ఎరిగినవాడు పొట్లము విప్పకముందు అంతసేపు ఆగి చూడవచ్చును. ఆగిన పిమ్మటను ఆకలి యుండినచో తినవచ్చును; తప్పు లేదు. చాలమారులు అంతలోనే గిరాకి వచ్చును, ఆకలి మరచిపోవును. అట్లే తపస్సులలో మూడవదియగు వృత్తిసంక్షేపము, నాలుగవదియగు రసపరిత్యాగము కూడ ఇచ్చట అక్కరకు వచ్చును. పళ్ళెమున పదార్థముల సంఖ్య పెరిగిన కొలది తిండి పెరుగును. ఒకదానితో విసిగిన నాలుక రెండవదానికి మరల లేచి కూర్చుండును. పెండ్లి విందులలో కడుపు నిండిన పిమ్మట జిలేబీకి చోటు దొరకుట ఇందువలననే. ఆయంబిల్ చేసినవారెవరును అతిగా తినినట్లు వినరాదు. నెయ్యి, పాలు, పెరుగు, నూనె, బెల్లము లేని అన్నమును ఎవరు మాత్రము అతిగా తిందురు?

అయితే ఓర్పునకును హద్దు కలదు. 1944-45 సంవత్సరములలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను పండితుడు 36 మంది యువకులకు 24 వారములు అరకొర తిండి పెట్టి పరీక్షించెను. వారు హింసకు ఒప్పక యుద్ధమునకు పోనివారు, యుద్ధములో ఆకలిగొన్న జనులకు మేలు జరుగునని తమంత తాము వచ్చినవారు. అట్టివారు కూడ బరువులో నాలుగవ వంతు తగ్గునప్పటికి పగలు రాత్రి తిండి మాటలే తలచుచు, వంట పుస్తకములు చదువుచు, చీటికిమాటికి చిరచిరలాడుచు ఉండిరి. 2011లో మెల్బోర్న్ పరిశోధకులు, బరువు తగ్గినవారికి ఏడాది గడచినను ఆకలిని రేపు హార్మోనులు పూర్వస్థితికి రాలేదని చూపిరి. తగ్గిన బరువును శరీరము నష్టముగనే ఎంచి వసూలుకు తిరుగుచుండును. కనుక తగ్గి మరల లావెక్కినవానిని చూచి "సంయమము లేదు" అని పెదవి విరుచుట అన్యాయము. మాటతో చేయు హింస యనినను తప్పు లేదు.

మధుమేహమునకు ఇన్సులిన్ గాని, కొన్ని విధముల మాత్రలు గాని వాడువారికి చెమట పట్టి, చేతులు వణకి, కన్నులు తిరిగినచో అది ఓర్చుకొనదగిన క్షుధ కాదు. తక్షణమే చక్కెర నోట వేయవలెను. వారు ఉపవాసమునకు ముందు వైద్యుని అడుగవలెను. మరియొక మాట పెద్దలకు చెప్పవలసి యున్నది. పదునారేండ్ల బాలిక ఉపవాసము పైన ఉపవాసము చేయుచు, ఏకాసనమున సహితము పళ్ళెము తోసివేయుచు, అద్దము ముందు గంటలు గడపుచున్నచో తపస్విని యని మెచ్చుకొని ఫోటో తీయుటకు ముందు ఆ పిల్లకు అన్నమనిన భయమేర్పడినదేమో చూడవలెను. అది జబ్బు. మెచ్చుకొనిన కొలది ముదురును.

ఇంతవరకు శరీరపు లెక్క. తనువు తగ్గుటకై ఓర్చిన ఆకలి తపస్సగునా? ఒకే ఉపవాసముతో కర్మయు తగ్గును, కిలోలును తగ్గును అని సంతోషించువారు కలరు. ఒకే సరుకును ఇద్దరికి అమ్మినట్టిది ఈ బేరము. తపస్సుచేసి లోకఫలమును కోరుట నిదానము. మూడు శల్యములలో అది యొకటి. నడుము సన్నబడవలెనని ఓర్చిన ఆకలిని నడుము ఖాతాలోనే వ్రాయవలెను. అందులో సిగ్గుపడవలసినది లేదు. ఆరోగ్యము కాపాడుకొనుట గృహస్థునికి అవసరమే. దానిని తపస్సని పేరు మార్చి వ్రాయుటయే దొంగలెక్క.

దీనికి ఒక ఎదురుమాట కలదు. ఆకలి ఆకలియే గదా, కడుపులోని మంట ఉద్దేశమును బట్టి మారునా? మారదు. కాని ఆ మంట మనస్సును ఏమి చేసినదన్నది మారును. పత్యము పట్టినవాడు మధ్యాహ్నము వరకు తిండినే తలచుకొనుచు కూర్చున్నచో అది ఆర్తధ్యానము. పోయినదానికై వగచుట, రానున్నదానికై ఉవ్విళ్ళూరుట రెండును అందులోనివే. ఆ చిరాకున గుమాస్తాను కసరి, పద్దులో చిన్న తప్పునకు పెద్ద మాట అనినచో ఒక పూట తిండి మిగిలినది, క్రోధకషాయము పెరిగినది. ఈ లెక్కలో ఖర్చే యెక్కువ. అదే ఆకలి వేసినప్పుడు "వచ్చినది, పోవును" అని చూచి, గొంతు పెంచక పని చేసుకొనినవాడు బరువు కొరకే మొదలుపెట్టినను, ఆ శాంతి మాత్రము వేరు ఖాతాకు పోవును. కొలుచుటకు తక్కెడ లేదు గనుక దానిని గూర్చి ఎవరికిని చెప్పుకొనలేడు, అదియు మేలే.

అంగడి ముందు మూటలు దించు హమాలీకి కూడ పదకొండు గంటలకు ఆకలి వేయును. వానికది ఎన్నుకొనినది కాదు. సాహుకారు ఎదుట నిండిన బస్తాలుండగా ఓర్చు ఆకలికిని, సాయంకాలము కూలి చేతబడిన పిమ్మటగాని తీరని ఆకలికిని పేరు ఒక్కటే. నెల దినములు తన కడుపు కాలిన తీరు చూచుకొనినవానికి, బండి ఆలస్యమైనదని హమాలీల భోజనవేళను రెండు గంటలు వెనుకకు జరుపుట ఎట్టిదో ఇదివరకటికంటె బాగుగ తెలియవలెను. తెలియకున్న ఆ నెల వృథాయే.

చివరకు వంటయిల్లు. సూర్యాస్తమయమునకు ముందే భోజనములు ముగియవలెను. రాత్రి నిలిచినది మరునాటికి పనికిరాదు, పారవేసిన జీవహింస. కనుక మిగిలిన నాలుగు రొట్టెలు, గిన్నె అడుగున పప్పు ఎవరి కడుపులోనికి పోవుచున్నవి? అందరు లేచిన పిమ్మట కూర్చుండు ఇల్లాలి కడుపులోనికి. శాస్త్రము ఆమెకు 28 కబళములే చెప్పినది. ఆమె ఇంటివారి ఊనోదరమును కూడ తానే తినుచున్నది. పురుషుడు బరువు తగ్గవలెనని రెండు రొట్టెలు విడిచి లేచి, అవి ఆమె పళ్ళెమున పడినచో ఇంటి మొత్తము లెక్కలో తగ్గినదేమియు లేదు. పిండి కలుపుటకు ముందే ఆ రెండు రొట్టెల పిండి డబ్బాలో ఉంచవలెను. ఎవరు ఎన్ని తిందురో సాయంకాలము నాలుగు గంటలకే, అంగడినుండి ఫోను చేసియైనను, ఆమెకు చెప్పవలెను.