పసిబిడ్డ వ్యాధి ఎవరి కర్మము?

కర్మసిద్ధాంతము ఆస్తికులకు గొప్ప ఊరట. తనకు కలిగిన కష్టమునకు ఇతరులను దూషింపక, పూర్వకృతమును తలచి ఓర్చుకొనువాడు ధీరుడు. అయితే ఆ మాటనే ప్రక్కింటి బిడ్డ మంచము చెంత నిలిచి పలికినచో అది ధైర్యమగునా, నిర్దయ యగునా?

ఈ ప్రశ్న గ్రంథములకే పరిమితమైనది కాదు. బాపట్ల జిల్లా చీరాలలోను, చెంతనున్న జాండ్రపేట, వేటపాలెములలోను మగ్గముల చప్పుడు వినవచ్చు వీధులు గలవు. అట్టి వీధులలో పదునాలుగేండ్ల పిల్ల నాలుగు మెట్లెక్కిన ఆయాసపడును. పాఠము నడుచుచుండగనే కన్ను మూతపడును. పెదవి పాలిపోయి యుండును. తల్లి చూచి "ఎదిగే వయసు" అనును. అవ్వ "దాని నొసట వ్రాసినంత" అనును. అంతటితో విచారణ ముగియును.

ఆ పిల్లను పీడించునది చాలతావుల పాండురోగమే. నేటి వైద్యులు దీనిని రక్తహీనత యందురు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి, ఆరు నెలలు దాటి అయిదేండ్లు నిండని శిశువులలో నూటికి 67 మందికి ఈ వ్యాధి గలదు. ఇందరి నొసట ఒకే వ్రాత వ్రాయబడినదనుట బ్రహ్మదేవునకు అపవాదము. ఆహారమున ఇనుము చాలకపోవుట, రజస్వలయైన పిదప నెలనెలా రక్తము పోవుట, ఇసుక నేలపై వట్టికాళ్ళతో తిరుగునపుడు కొంకిపురుగు అరికాలి చర్మము గుండ లోనికి ప్రవేశించి ప్రేగులలో రక్తము పీల్చుట, ఇవి కంటికి కనబడు కారణములు. కనబడు కారణమును విడిచి కనబడని కారణమును వెదకుట తర్కశాస్త్రమునకు సమ్మతము కాదు.

ఆయువు నియతమా, అనియతమా యని అగ్నివేశుడు గురువైన ఆత్రేయ పునర్వసువును ప్రశ్నించినట్లు చరకసంహిత విమానస్థానమున గలదు. దైవమును, పురుషకారమును రెండును కలిసి ఆయువును నిర్ణయించునని గురువు సమాధానము. దుర్బలమైన దైవమును బలవత్తరమైన ప్రయత్నము జయించును. దైవము ప్రబలమైనచో ప్రయత్నము ఓడును. సర్వము నియతమే యైనచో మంత్రము గాని, ఓషధి గాని, హోమము గాని ఎవ్వరును ఆశ్రయింపనక్కరలేదని ఆయన వాదము. ఇందు గమనింపదగిన దొకటి గలదు. ఆ వాదము మందునకు మాత్రమే గాక మ్రొక్కునకును వర్తించును. బాపట్ల భావనారాయణస్వామికి మ్రొక్కునపుడు విధి మారునని నమ్మినవారే, వైద్యుని మాట వచ్చినపుడు విధి మారదనుట యెట్లు పొసగును?

ఈ ప్రాంతపు నేతపనివారికి ఈ సంగతి వేరుగా చెప్పవలసిన పని లేదు. పద్మశాలీలు తమ మూలపురుషుడైన భావనాఋషిని మార్కండేయుని సంతతిగా చెప్పుకొందురు. పదునారేండ్లే ఆయువని నిర్ణయింపబడిన బాలుడు ఆ మార్కండేయుడు. ఆయన తపస్సుచే హృషీకేశు నారాధించి మృత్యువును జయించెనని భాగవత ద్వాదశస్కంధము చెప్పుచున్నది. వటపత్రశాయియైన శిశువును దర్శించిన మహానుభావుడును ఆయనయే. అట్టివానిని వంశకర్తగా చెప్పుకొను ఇంట, పదునారేండ్ల పిల్ల విషయమున "వ్రాత" యని చేతులు ముడుచుకొనుట వింతగాదా?

మార్కండేయుడు తన తపస్సు తానే చేసెను గదా యని యొకరు అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. సామాన్యుల బిడ్డకు ఆ స్వాతంత్ర్యము లేదు. ఏమి తినవలెనో, ఎంతసేపు నిద్రింపవలెనో, బడి విడిచిన తరువాత ఎన్ని కండెలు చుట్టవలెనో పెద్దలే నిర్ణయింతురు. కనుక బిడ్డ విషయమున పురుషకార మనునది పెద్దల చేతిలోనిది. దానిని వారు చేయక, ఫలమును మాత్రము బిడ్డ పూర్వజన్మకు అంటగట్టుట న్యాయము కాదు.

పూతన మరణించిన పిదప గోపికలు బాలకృష్ణునకు గోపుచ్ఛము త్రిప్పి, భగవన్నామములతో అంగాంగమునకు రక్ష కట్టిరి. వెంటనే యశోద చన్నిచ్చి పరుండబెట్టెను. జగద్రక్షకునకే రక్షయు, పాలును, నిద్రయు వరుసగా జరిగినవి. రక్ష కట్టితిమి గదా, పాలెందులకని ఆ తల్లి అనలేదు.

కొన్ని ఇండ్లలో బడిలో వారమునకొకసారి ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లముల మాత్రను పిల్లలు తెచ్చి కిటికీలో పెట్టుదురు. కడుపులో త్రిప్పుననియు, మలము నల్లబడుననియు భయము. భోజనానంతరము వేసికొనిన త్రిప్పుట తగ్గును. నలుపు ఇనుము వలన వచ్చునదే, కీడు కాదు. అన్నముతో పాటు టీ త్రాగిన ఇనుము ఒంటబట్టదు. నిమ్మ, ఉసిరి తోడైన పట్టును. రాగి, తోటకూర, మునగాకు, బెల్లము వేసిన పల్లీ ఉండ మడికట్టుకొను ఇండ్లకును అభ్యంతరము లేనివి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలలో బడులయందు నులిపురుగుల మాత్ర లిత్తురు. అన్ని పాండురోగములు ఇనుము లోపమున వచ్చునవి కావు. రక్తపరీక్ష చేయించుట అవసరము. పండ్రెండేండ్లు నిండిన బాలికకు హిమోగ్లోబిన్ డెసిలీటరునకు 12 గ్రాములకు తగ్గరాదు.

ఏకాదశి యని బాలికలు మాత్ర మానుటయు గలదు. ఎనిమిదేండ్ల లోపువారికి, ఎనుబది దాటినవారికి ఉపవాస నియమము లేదని ధర్మశాస్త్రము. తక్కినవారికిని జలము, మూలము, ఫలము, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువాక్యము, ఔషధము అను ఎనిమిది వ్రతభంగకరములు కావని మహాభారత ఉద్యోగపర్వమున విదురుడు చెప్పెను. ఇంతకన్న స్పష్టముగా ఏ శాస్త్రము చెప్పవలెను?

ఇక ప్రయత్నమంతయు చేసినను చేయి దాటిపోవు వ్యాధులు గలవు. ఆత్రేయుడు చెప్పిన ప్రబల దైవము అదియే కావచ్చును. అచ్చట కర్మ మాట నిజముగా కఠినమగును. పుట్టెడు దుఃఖముననున్న తల్లిదండ్రులతో "ఏ జన్మ పాపమో" యనువారు తాము శాస్త్రము పలికితిమనుకొందురు. ద్వారకలో పుట్టిన బిడ్డ పుట్టినట్లే మరణింపగా ఒక విప్రుడు ప్రతిసారియు శవమును తెచ్చి రాజద్వారమున నుంచి, ఇది పాలకుని దోషమని ఏడ్చెను. నిజమునకు ఆ పిల్లలను శ్రీమన్నారాయణుడే తన సన్నిధికి చేర్చుకొనియుండెను. రాజునందు దోషము లేదు. ఆ నింద అన్యాయమే. అయినను ఆ తండ్రికి కర్మసిద్ధాంతము బోధించినవారు ఆ కథలో లేరు. అర్జునుడు ప్రతిన పూని ఓడి, అగ్నిప్రవేశమునకు సిద్ధపడెను. శ్రీకృష్ణుడు అతనిని వారించి రథమెక్కించుకొని పడమటి దిక్కుగా బయలుదేరెను. లోకాలోక పర్వతము దాటి, చీకటిని చక్రముతో చీల్చుకొని పోయి, పిల్లలను తెచ్చి తండ్రికి ఒప్పగించెను.