ఊరికే చూడడానికి



వేసవి సెలవులు దగ్గర పడితే చాలు, మా విచారణలో ప్రతి ఏడూ ఒకే చర్చ. ఈసారి ఎక్కడికి వెళ్దాం? ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవలసిన అవసరం ఉండేది కాదు. ఫిబ్రవరిలో గుణదల, ఆగస్టు చివర వేళాంగణి. మొక్కు ఉన్నవారు వెళ్ళేవారు, లేనివారు ఇంటి దగ్గరే ఉండేవారు. ఇప్పుడు యువజన సంఘం వారు, మరియ దళం వారు, ఆఖరికి గాయక బృందం వారు కూడా బస్సు మాట్లాడుకుని సముద్రం చూడడానికో, సరస్సు చూడడానికో, కొండమీద పార్కు చూడడానికో బయల్దేరుతున్నారు.

కొన్నేళ్ళ క్రితం ఇలాగే భీమునిపట్నం వెళ్ళాలని నిశ్చయమైన ఆదివారం, పూజ అయిన తర్వాత, మా విచారణ పెద్దల్లో ఒకాయన గుడి గుమ్మం దగ్గర నన్ను ఆపారు. "ఫాదర్ గారూ! మాత గుడికి పోవడం తెలుసు. చుట్టాలింటికి పోవడం తెలుసు. పని మీద పోవడం తెలుసు. ఊరికే చూడడానికి పోవడమేమిటండీ? తలా ఎనిమిది వందలు! అది పాపం కాదా?" అన్నారు. ఆయన కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. అందుకే నాకు జవాబు చెప్పడం కష్టమైంది. కోపంగా అడిగి ఉంటే ఏదో ఒక మాట చెప్పి తప్పించుకునేవాణ్ణి.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివిన రోజులు గుర్తుకు వచ్చాయి. ఆ పెద్దాయన ఎరగరు గాని, ఆయన పక్షాన చాలా గొప్ప సాక్షి ఉన్నారు. పునీత అగస్టీను వారు తమ ఆత్మకథ పదవ భాగంలో జ్ఞాపకశక్తిని గురించి రాస్తూ, మనుషులు కొండల ఎత్తునూ, కడలి కెరటాలనూ, నక్షత్రాల నడకనూ చూసి విస్తుపోతారే గాని తమలో ఉన్న దాన్ని చూసుకోరని వాపోయారు. ఆయన తర్వాత సుమారు తొమ్మిది వందల ఏళ్ళకు, 1336 ఏప్రిల్ 26న, పెట్రార్కు అనే ఇటలీ కవి తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని దక్షిణ ఫ్రాన్సులోని వెంటూ పర్వతం ఎక్కాడు. ఎందుకయ్యా అంటే, అంత ఎత్తు నుండి ఎలా కనబడుతుందో చూడాలన్న కోరిక, అంతే. శిఖరం మీద నిలబడి, వెంట తెచ్చుకున్న అగస్టీను వారి పుస్తకం తెరిస్తే సరిగ్గా ఆ మాటలే కంట బడ్డాయట. సిగ్గుపడి, కిందికి దిగేదాకా నోరు విప్పలేదని ఒక ఉత్తరంలో తానే రాసుకున్నాడు. మన విహారయాత్రల చరిత్ర రాసేవారు ఈ సంఘటనతో మొదలుపెడుతుంటారు. ఊరికే చూడడానికి వెళ్ళిన మొదటి పెద్దమనిషి అక్కడే చీవాట్లు తిన్నాడన్న మాట!

అయితే పెట్రార్కు ఆ పేజీ దగ్గరే పుస్తకం మూసేశాడేమో అనిపిస్తుంది నాకు. అదే పదవ భాగంలో అంతకు ముందు అగస్టీను వారు భూమినీ, సముద్రాన్నీ, గాలినీ పలకరించి, నేను వెతికే దేవుడు మీరేనా అని అడుగుతారు. మేము కాదు, మమ్మల్ని చేసినవాడు అని అవి బదులిస్తాయి. ఆయన అడగడమంటే తేరిపార చూడడమే. అవి బదులు చెప్పడమంటే వాటి అందమే. పైగా ఆయన మేత్రాణులుగా ముప్పై ఏళ్ళకు పైగా కాపురమున్న హిప్పో పట్టణం సముద్రపు రేవు. రోజూ సముద్రం చూసే మనిషి ఆయన. ఆయనకు అభ్యంతరం చూడడం మీద కాదు, ప్రశ్న లేకుండా చూసి రావడం మీద.

ఇక 'ఊరికే' అన్న మాట. మన భాషలో దీనికి రెండు అర్థాలున్నాయి. ప్రయోజనం లేకుండా అని ఒకటి. వెల లేకుండా అని రెండోది. "ఊరికే తిరుగుతున్నాడు" అంటే తిట్టు. "ఊరికే ఇచ్చాడు" అంటే మెచ్చుకోలు. ఒకే మాట తిట్టూ, మెచ్చుకోలూ ఎలా అయిందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. పనికి రానిదీ, అమూల్యమైనదీ రెండూ సంతలో తూకానికి అందవు గదా! సూర్యోదయం ఊరికే వస్తుంది. దాన్ని ఊరికే చూడాలి. ఇందులో వృథా ఏముంది?

విశ్రాంతి మాటకొస్తే పునీత థామస్ అక్వినాస్ వారు ఆటపాటల్లో కూడా ఒక సుగుణం ఉంటుందా అని ప్రశ్న వేసుకుని, ఉంటుందనే తేల్చారు. అక్కడ ఆయన చెప్పిన పాత కథ ఒకటుంది. పునీత యోహాను వారు శిష్యులతో ఆడుకుంటుంటే చూసి కొందరు ముక్కున వేలేసుకున్నారట. వారిలో ఒకని చేతిలో విల్లుంది. బాణం వెయ్యమన్నారు యోహాను వారు. వేశాడు. మళ్ళీ వెయ్యమన్నారు, మళ్ళీ వేశాడు. ఇలాగే వేస్తూ ఉండగలవా అంటే, ఉండలేను, విల్లు విరిగిపోతుంది అన్నాడు. మనిషి మనసూ అంతే అన్నారట. ఈ కథ చెప్పి పెద్దాయనకు పాపం కాదని నచ్చజెప్పాను. ఆయన తల ఊపారు గాని బస్సెక్కలేదు.

మేము వెళ్ళాం. మే నెల రెండో వారం. విశాఖపట్నం నుండి భీమిలి పాతిక కిలోమీటర్ల దారి. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం. రుషికొండ, తొట్లకొండ దాటి, ఎర్రమట్టి దిబ్బల దగ్గర బస్సు ఆపాం. గాలీ, నీరూ, సముద్ర మట్టం ఎత్తుపల్లాలూ కలిసి వేల ఏళ్ళుగా పేర్చిన ఇసుక అది. మా పిల్లలు దాని మీద నుండి జారుతూ కేరింతలు కొట్టారు. వేల ఏళ్ళ పని మా నలభై మంది పాదాల కింద గుప్పెడు గుప్పెడుగా రాలింది. వద్దని చెప్పాలనిపించి కూడా ఊరుకున్నాను. భీమిలిలో డచ్చి వారి సమాధులు చూశాం. పదిహేడో శతాబ్దంలో వ్యాపారానికి వచ్చి, తిరిగి వెళ్ళలేక ఇక్కడే నిద్రించినవారు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు. దీపస్తంభం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. చిన్న ఊరు, నిదానమైన ఊరు. ఎవరికైనా నచ్చుతుంది.

ఒడ్డున మర పడవలు బారులు తీరి ఉన్నాయి. ఎరుపు, నీలం, పసుపు రంగులు. మా పిల్లలు వాటి ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు. ఆ పక్కనే ఒకామె పట్టా పరుచుకుని ఎండు చేపలు అమ్ముతోంది. మా ఇంటర్మీడియట్ కుర్రవాడొకడు ఆమె ముందు చతికిలబడి, ఫోను అటూ ఇటూ తిప్పుతూ ఫొటో తీయబోయాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "నా బొమ్మ అట్టుకెళ్ళి ఏటి సేత్తావు బాబూ? సేప కొంటావేటి?" అంది.

కుర్రవాడు నవ్వేశాడు. మేమంతా నవ్వాం. కొందామా అని వాళ్ళమ్మ అడిగితే, బస్సంతా వాసన వస్తుంది, వద్దు అన్న మాట వచ్చింది. ఆ మాట అన్నది మరెవరో కాదు, నేనే.

తిరుగు ప్రయాణంలో ఒక విషయం తట్టింది. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మన తూర్పు తీరంలో మర పడవలకు వేట నిషేధం. అరవై ఒక్క రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక అది న్యాయమైన నియమమే. కాని మన సెలవులూ సరిగ్గా ఆ రోజుల్లోనే. మేము రంగురంగులుగా ఉన్నాయని మురిసిన ఆ పడవల బారు, నెల రోజులుగా పని లేని ఇళ్ళ బారు. ఆమె దగ్గర పచ్చి చేప లేకపోవడానికి కారణం కూడా అదే కావచ్చు. మేము దాన్ని దృశ్యం అనుకున్నాం.

1790లో కాంట్ అనే జర్మన్ తత్వవేత్త అందాన్ని గురించి రాసిన గ్రంథంలో ఒక మంచి మాట తేల్చి చెప్పాడు. ఒక వస్తువును అనుభవించాలనో, సొంతం చేసుకోవాలనో, దానితో పని చేయించుకోవాలనో లేకుండా, కేవలం చూసి సంతోషించడమే సౌందర్యానుభూతి అన్నాడు. చేప రుచిగా ఉందనడం వేరు, ఆరోగ్యానికి మంచిదనడం వేరు, అందంగా ఉందనడం వేరు. (ఇంత చెప్పిన ఆ మహానుభావుడు తన కోనిగ్స్‌బర్గ్ పట్టణం నుండి దూరప్రయాణం చేసి ఎరగడు. విహారయాత్ర సంఘాలవారు దీన్ని గమనించగలరు.) మా పెద్దాయన ప్రశ్నకు ఇంతకంటే చక్కని సమాధానం లేదనుకునేవాణ్ణి. ఊరికే చూడడమే అందాన్ని గౌరవించడం.

కాని ఆ ఎండు చేపలామె ముందు ఈ సిద్ధాంతం నిలవలేదు. కెరటాన్ని ఏమీ ఆశించకుండా చూడడం గౌరవమే. మనిషిని అలాగే చూస్తే? ఆమె అవసరంతో, ఆమె బేరంతో, ఆమె పేరుతో మనకేమీ సంబంధం లేకుండా, ఎండలో మెరిసే ముడతల ముఖంగా చూస్తే అది గౌరవం కాదు. కెరటానికి మన నుండి రావలసిందేమీ లేదు. ఆమెకు ఉంది. కనీసం ఒక జవాబు రావలసి ఉంది. అదే కాంట్ 1785లో రాసిన మరో పుస్తకంలో, మనిషిని ఎన్నడూ కేవలం సాధనంగా వాడుకోరాదని బోధించాడు. సెలవురోజున మన కళ్ళకు విందు కావడం కూడా ఒకరకమైన వాడకమే గదా! ఆమె అడిగిన రెండు ప్రశ్నల్లో ఆ రెండు పుస్తకాల తగవూ ఉంది.

ఇది ఒక ఎండు చేపల బుట్టతో పోయే సంగతి కాదు. కొల్లేరు చూడండి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఆటపాక దగ్గర గూడబాతులను చూడడానికి ఇప్పుడు పిల్లలను బస్సుల్లో తీసుకెళ్తున్నారు. కాని 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు ఆ లంక గ్రామాల వారి ముఖాలు చూసినవారికి పక్షులు ఒక్కటే కనబడవు. ఆ చెరువులు సరస్సు గొంతు నులిమిన మాట నిజం. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళకు దారి లేకుండా చేసిన మాట నిజం. వాటిలో చాలా వాటి వెనుక బయటివారి పెట్టుబడి ఉన్న మాటా నిజమే. గట్టు తెగిన రోజున పెట్టుబడిదారుకు వేరే వ్యాపారం ఉంది, లంకలోని జాలరికి లేదు. సరస్సు బతకాలన్న పక్షానే నేనున్నాను. కాని ఆ బతుకు ఖర్చు ఎవరి ఖాతాలో రాశామన్నది చూడకుండా, గూడబాతుల రెక్కలను మెచ్చుకోవడానికి నాకు మనసొప్పదు.

మరో సంగతి. చూడడానికి మనం చేసుకునే సౌకర్యాలే చూసేదాన్ని చెరుపుతాయి. చలికాలం చివర మన తీరంలో సముద్రపు తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెడతాయి. పిల్లలు రాత్రిపూట బయటికి వచ్చి, వెలుతురున్న వైపు సముద్రం ఉందనుకుని నడుస్తాయి. అక్కడ మనం పార్కు కట్టి దీపాలు పెడితే అవి రోడ్డు వైపు నడుస్తాయి.

మార్కు సువార్త ఆరవ అధ్యాయం చాలాసార్లు ప్రసంగించాను. శిష్యులకు తినడానికి కూడా తీరిక లేకపోతే, ఏకాంత స్థలానికి వచ్చి కొంచెం విశ్రమించమని ప్రభువే పిలిచారు. పడవెక్కి వెళ్ళారు. దిగేసరికి అక్కడ జనం! విశ్రాంతి కోసం వెళ్ళిన ఒడ్డు ఖాళీగా లేదు. ఎప్పుడూ ఉండదు. ప్రభువు ఆ జనాన్ని చూసి జాలిపడి బోధించసాగారు. ఆ వాక్యాన్ని ప్రతిసారీ విశ్రాంతి చెడిపోయిన కథగా చెప్పేవాణ్ణి. భీమిలి తర్వాత అలా చెప్పలేకపోతున్నాను. ఆ శిష్యుల్లో నలుగురు ఆ సరస్సులో వలలు వేసి బతికినవారే. వాళ్ళకు గలిలీయ ఏనాడూ దృశ్యం కాదు.

మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాం. ఈసారి పెద్దాయన వచ్చారు. మనవరాలు పట్టుబట్టిందట. ఎర్రమట్టి దిబ్బల దగ్గర పిల్లలను అంచు నుండే చూడమన్నాను. ముఖాలు ముడుచుకున్నారు, సరేలెమ్మన్నాను. వండుకున్న అన్నం, స్టీలు పళ్ళాలు వెంట తీసుకెళ్ళి వాటినే కడుక్కుని తెచ్చుకున్నాం. ఒడ్డున నేను ఆమె కోసం వెతికాను. కనబడలేదు. అడుగుదామంటే పేరు తెలియదు. పోయినేడు అడగలేదు గనుక.

మేమంతా తడిసి ఆడుతుంటే పెద్దాయన చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, మరో ఎండు చేపలావిడ పట్టా పక్కన కూర్చుని ఉన్నారు. చాలాసేపు ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. చాలాసేపు మాట్లాడుకోలేదు కూడా. సముద్రం వైపు చూస్తూ ఉన్నారు. నేను వెళ్ళి, "ఏం చూస్తున్నారండీ?" అని అడిగాను.

"ఏం లేదు ఫాదర్ గారూ, ఊరికే" అన్నారు. ఆవిడ పెద్ద కొడుకు వలస పనికి గుజరాత్ వెళ్ళాడనీ, నిషేధం ఎత్తే రోజుకు తిరిగి వస్తాడనీ చెప్పారు. రెండు కిలోల ఎండు సావిళ్ళు కొన్నారు. పాత పత్రికల్లో చుట్టి, గోనెసంచిలో పెట్టి, నా సీటు కిందే పెట్టించారు. ఇంటికి చేరేదాకా బస్సంతా వాసనే.