టీకా పందికి, శౌచమెవరికి?

తనవలన పుట్టిన దోషమునకు మఱియొక ప్రాణికి చికిత్స చేసి మనుజుడు శుద్ధుడు కాగలడా? ఇది వట్టి తర్కమని తోపవచ్చును. కాని 2016లో హైదరాబాదునుండి వెలువడిన యొక టీకా మాకీ ప్రశ్నను కల్పించినది.

దాని పూర్వచరిత్ర కుందేళ్లతోడను, ఎలుకలతోడను ముడిపడియున్నది. కుక్క ప్రేగులలోని యొకజాతి బద్దెపురుగు గ్రుడ్లు మేతతో కుందేలు కడుపు జేరును. డింభకములు ప్రేగుగోడను దొలుచుకొని కాలేయమునకు బోయి, తుదకు బఠాణీగింజలంత తిత్తులగును. ఒకమాఱు సోకిన కుందేలు రెండవమాఱు వానిని చాలవఱకు రానీయదు. పురుగు పదార్థమునే సూదిమందుగా నిచ్చి ఈ రక్షణను కల్పింపవచ్చునని 1930 తరువాతి పరిశోధనలు చూపినవి. 1932లో మిల్లరు, గార్డినరు అనువారు రక్షణగల యెలుక రక్తరసముచేత వేఱొక యెలుకను గాపాడిరి. రక్తములోని యీ రక్షకులు గడప దాటుచున్న డింభకమును జంపగలరు గాని, తిత్తి కట్టుకొని స్థిరపడినదానిని సాధారణముగా నేమియు జేయజాలరు. దురభ్యాసములును ఇట్టివే యని ఉపన్యాసకులు వెంటనే అందుకొందురు. మేమా త్రోవ బోము.

1989లో గొఱ్ఱెలకు ఇట్టి టీకా సిద్ధించెను. పిమ్మట మెల్బోర్ను విశ్వవిద్యాలయమున లైటోలర్సుగారు జరిపిన పరిశోధన ననుసరించి, ఇండియన్ ఇమ్యునలాజికల్సు సంస్థ పందులకు సిస్‌వాక్స్ అను టీకాను తయారుచేసినది.

పందికి తిత్తులెట్లు వచ్చును? మనుష్యుని మలమువలన. ఉడికీయుడుకని పందిమాంసము తిన్నవాని ప్రేగులో బద్దెపురుగు పెరుగును. దాని గ్రుడ్లు మలముతో వెలువడును. వానిని తిని పంది చెడును. అవే గ్రుడ్లు మనుష్యుని నోట బడెనా, మెదడులో తిత్తులు గట్టి మూర్ఛ తెచ్చును. మాంసము ముట్టని యింటిలోను రావచ్చును. బందరు, గుడివాడలందును దివిసీమ పల్లెలందును మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవులు పెట్టు పెద్దలు, పందులను మేపు యెరుకలవారిని జూచి మాత్రము ముక్కు మూసికొందురు. కాలువగట్టున బహిర్భూమికి బోయినవారెవరో అడుగరు. అపవిత్రతను పందికి మనమే పెట్టి, పిదప దానిని అపవిత్రమంటిమి.

టీకా వలదని మేమనము. పందులలో తిత్తులు లేకున్న గొలుసులో నొక కడియము తెగును. పేదవాని సొత్తు నిలుచును. అయితే పుట్టిన ప్రతి పందిపిల్లకును టీకా వేసినను, ఇప్పటికే కడుపులో పురుగున్న మనుష్యుని నది తాకదు. మందు మ్రింగువఱకు వాని గ్రుడ్లు నేలను, నీటిని జేరుచునే యుండును. పురుగున్నదని యాతనికే తెలియకపోవచ్చును. ఆతడు పందులదొడ్డిలోనే యుండనక్కఱలేదు. మన వంటయింట కూరలు తరుగుచున్న చేయియే యాతనిది కావచ్చును.