ముప్పై నాలుగు మార్కుల పిల్ల

బనగానపల్లె దగ్గర రవ్వలకొండకు పోయినవాళ్ళకు అక్కడివాళ్ళు ఒక కథ చెబుతారు. పాపాగ్ని మఠంలో వీరభోజయాచార్యులు, వీరపాపమాంబ పెంచుకున్న పిల్లవాడు వీరబ్రహ్మం. దేశాలు తిరిగి బనగానపల్లె చేరి, గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట ఆవులు కాయడానికి కుదిరాడు. ఆవుల చుట్టూ ఒక గీత గీసి, తాను కొండగుహలో కూర్చుని తాటాకుల మీద ఏదో రాసుకునేవాడట. ఆ మాట చెవినబడి అచ్చమ్మ ఒకనాడు వెంటబడి పోయి చూసింది. రాస్తున్నది కాలజ్ఞానం. ఆమె చేతులు జోడించింది. తర్వాత ఆయన కడప జిల్లా కందిమల్లాయపల్లె చేరి అక్కడే జీవసమాధి అయ్యారని చెబుతారు. ఆ ఊరే ఇప్పటి బ్రహ్మంగారిమఠం. కర్నూలును, కడపను ఒక పెంపుడు బిడ్డ కథ ఇట్లా కలిపి కుట్టింది.

భక్తులకు ఈ కథలో గీత దాటని ఆవులు ముఖ్యం. ఉద్యోగమంతా బడిపంతులుగా గడిపినవాణ్ణి గనుక నాకు అచ్చమ్మ ముఖ్యం. పనికి పెట్టుకున్న పిల్లవాడు ఏం రాసుకుంటున్నాడో చూద్దామని ఎండలో కొండ ఎక్కిన గృహస్థురాలు ఏ కాలంలోనైనా అరుదే. అయినా ఒక తుంటరి ప్రశ్న నన్ను వదలదు. ఆ గుహలో పిల్లవాడు కాలజ్ఞానం కాకుండా, ఏడో ఎక్కం తప్పులతో రాసుకుంటూ కనబడి ఉంటే? అచ్చమ్మ పక్కన కూర్చుని తప్పులు దిద్దేదా, ఆవులెక్కడరా అని చెవి మెలిపెట్టేదా?

ఏటా పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు పత్రికల్లో కొన్ని ఫొటోలు పడతాయి. తల్లిదండ్రులు లేరు, అవ్వ కూలికి పోయి సాకింది, పిల్లకు ఐదువందల ఎనభై మార్కులు. మర్నాడే దాతలు వస్తారు, శాలువా వస్తుంది, పై చదువు బాధ్యత మాదేనని ఒకరు ప్రకటిస్తారు. మంచిదే, రావద్దని ఎవరంటారు? కానీ అదే ఊళ్ళో, అదే బడిలో, అట్లాంటి అవ్వ దగ్గరే పెరిగి గణితంలో ముప్పై నాలుగు మార్కులు తెచ్చుకున్న పిల్ల ఇంటికి ఎవరూ రారు. పాసు మార్కు ముప్పై ఐదు. ఆ ఒక్క మార్కుకు ఇటువైపు ఉన్న పిల్లల గురించే నా ఆలోచన.

కన్నవాళ్ళ ఇంట్లో పిల్లలకు ఎవరూ రాసివ్వని ఒక హక్కు ఉంటుంది: మామూలుగా ఉండే హక్కు. సోమరిగా ఉండొచ్చు, తప్పొచ్చు, సైన్సు గ్రూపు తీసుకుని నాకు రాదని మధ్యలో మానేయొచ్చు. ఇంట్లో కేకలు వేస్తారు, నాలుగు రోజులు మాట్లాడరు, తర్వాత మళ్ళీ ఫీజు కడతారు. పరాయి పంచన పెరిగే బిడ్డకు రెండే దారులు. అసాధారణంగా చదవాలి, లేకుంటే పనికి రావాలి. 1739లో లండన్‌లో థామస్ కోరమ్ రాజపత్రం సంపాదించి స్థాపించిన ఫౌండ్లింగ్ ఆసుపత్రి పిల్లలను పల్లెల్లో పెంపుడు తల్లుల దగ్గర ఐదేళ్ళ దాకా ఉంచి, వెనక్కు తెచ్చి, ఆడపిల్లలను ఇళ్ళల్లో పనికి, మగపిల్లలను ఓడల మీదికో చేతిపనికో తయారుచేసేది. ప్రాణం నిలబెట్టడంలో ఎంత దయ ఉన్నా, ఆ దయ లెక్క మాత్రం పనిలోనే తేలింది. మన దగ్గర లెక్క అంత బాహాటంగా రాసుకోం.

మా ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో ఇట్లాంటి పిల్లలెవరో చెప్పుకోవాలి. చట్టం దృష్టిలో ఫోస్టర్ కేర్ అంటే 2015 బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ కింద, బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో, సొంత కుటుంబం కాని మరో కుటుంబం బిడ్డను ఇంట్లో ఉంచుకుని పెంచడం. ఆ ఉత్తర్వు కాగితం ఉన్న పిల్లలు నా తరగతి గదుల్లోకి రావడం నేను చూడలేదు. కాగితం లేకుండా ఎవరో ఒకరి ఇంట పెరుగుతున్న పిల్లలను మాత్రం ప్రతి బెంచీలో చూశాను. రాయచోటి, రాజంపేట వైపు తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోయి ఉంటుంది, బిడ్డ అవ్వ దగ్గర. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు నవంబరు దాటితే ఊళ్ళకు ఊళ్ళే సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. గుంటూరు మిరప చేలకు కొందరు, పత్తి తీయడానికి కొందరు, బెంగళూరు కట్టుబడి పనులకు కొందరు. ఇంట్లో ముసలివాళ్ళూ పిల్లలూ మిగులుతారు. అప్పులకు మందు తాగిన రైతు బిడ్డలు మేనమామ ఇంట. ఫ్యాక్షన్ రోజుల్లో తండ్రి పోయిన పిల్లలదీ ఇదే దారి. నాయకుల పిల్లలు హైదరాబాదు, బెంగళూరు కాన్వెంట్లకు పోయారు, వాళ్ళ వెంట తిరిగి చచ్చినవాళ్ళ పిల్లలు పెద్దమ్మ ఇళ్ళకు పోయారు.

ఈ పిల్లలను గుర్తుపట్టడానికి రిజిస్టరు అక్కర్లేదు, నోటుపుస్తకం చాలు. చిన్న అక్షరాలు రాస్తారు. మార్జిన్ వదలరు. పేజీకి అటూ ఇటూ కొస దాకా నింపి, అట్ట లోపలివైపు కూడా లెక్కలు చేస్తారు. పుస్తకం అయిపోతే కొత్తది కావాలని ఇంట్లో చెప్పాలి గదా, ఆ చెప్పే రోజును అట్లా వెనక్కు నెడుతూ పోతారు. అందమైన దస్తూరి అని ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినాయన మెచ్చుకుని పోయాడు కూడా! కళ్ళజోడు కావాల్సిన పిల్ల మూడో బెంచీ నుంచి మొదటి బెంచీకి తానే జరిగి కూర్చుంటుంది, బోర్డు కనబడలేదని మాత్రం చెప్పదు. సొంత ఇంట్లో పెరిగే పిల్ల ఈపాటికి నాలుగు రోజులు తలనొప్పని గోలపెట్టి ఉండేది. శుక్రవారం కువైట్ నుంచి వీడియో కాల్ వస్తుంది. "బాగా సదువుకుంటాండావా అమ్మా?" "సదువుకుంటాండా." ఇంకో మాట ఉండదు. అంత దూరంలో ఇంకొకరి అంట్లు తోముతున్న తల్లికి, భిన్నాలు అర్థం కావడం లేదని ఏ పిల్ల చెబుతుంది?

సర్కారు ఏమీ చేయడం లేదనడం అన్యాయం. సుగ్గికి పోయేవాళ్ళ పిల్లల కోసం పడమటి మండలాల్లో సీజనల్ హాస్టళ్ళు పెట్టారు. తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా ఊరి బడే వాళ్ళకు ఇల్లవుతుంది. అన్నం దొరుకుతుంది, బడి తప్పదు. విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని గాని, వయసు కాగితం లేదని గాని, సంవత్సరం మధ్యలో వచ్చారని గాని చేర్చుకోకుండా ఉండకూడదు. మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ అయినా, ఫోస్టర్ కేర్ అయినా బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. బంధువుల ఇంట ఉన్న అనాథలకు వర్తించేది స్పాన్సర్‌షిప్. దానికి కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెలో 72,000, పట్నంలో 96,000 మించకూడదు. 2024లో సవరించిన మార్గదర్శకాలు ఒంటరి మనుషులు కూడా ఫోస్టర్ పెంపకానికి ముందుకు రావచ్చన్నాయి, రెండేళ్ళు పెంచాక దత్తత అడగవచ్చన్నాయి. ఇవన్నీ మంచి అడుగులు.

కానీ నిబంధనల్లో ఒకచోట నా వేలు ఆగుతుంది. బిడ్డ హాజరు ముప్పై రోజుల పాటు సరిగ్గా లేకుంటే స్పాన్సర్‌షిప్‌ను సమీక్షించి ఆపవచ్చు. రాసినవాళ్ళ ఉద్దేశం నాకు తెలుసు. డబ్బు తీసుకుని పిల్లను పనికి పంపకూడదని. అయితే పిల్ల బడికి రాని నెలే ఆమెకు మనిషి సాయం ఎక్కువ కావలసిన నెల. ఒళ్ళు బాగలేకనో, అవ్వ మంచాన పడ్డందుకో, తరగతిలో ఎవరో "మీయమ్మ యాడికి పోయిండాది" అని వెకిలిగా అడిగినందుకో ఆగిపోయి ఉంటుంది. సాయానికి షరతు పెట్టిన చోటే ఆ పిల్ల జారుతుంది.

ఇంకోటి. మన బీసీ-ఏ జాబితాలో అనాథ పిల్లలకు చోటుంది. చాలామందికి తెలియని మంచి సంగతి. పదేళ్ళలోపు తల్లిదండ్రులను పోగొట్టుకుని ఉండాలి, చట్టం ప్రకారం గాని ఆచారం ప్రకారం గాని చూసుకునే దిక్కు ఎవరూ ఉండకూడదు, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన బడిలోనో అనాథాశ్రమంలోనో చేరి ఉండాలి. ఒక్కో మాటా కలుపుకుంటూ చదవండి. డెబ్బై ఏళ్ళ అవ్వ "నా దగ్గరుంటాది లే" అని బిడ్డను కొంగు చాటున తెచ్చుకున్న క్షణాన ఆచారం ప్రకారం ఒక దిక్కు ఏర్పడింది. ఆ దిక్కుకు నెల పింఛనే ఆధారం. ఆశ్రమంలో వదిలేసి ఉంటే బిడ్డకు సర్టిఫికెట్ వచ్చేదేమో. పిల్లలు కుటుంబంలోనే పెరగాలని బాలల చట్టం ఒకవైపు చెబుతుంది, కుటుంబంలో పెరగనివాళ్ళకే ఈ జాబితాలో చోటు. రెండూ సదుద్దేశంతో రాసినవే. అవ్వకు మాత్రం రెండిట్లో ఏదీ చదవడం రాదు.

మళ్ళీ ముప్పై నాలుగు మార్కుల దగ్గరికి వస్తాను. 2022లో మన రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత 67.26 శాతం. కరోనాలో రెండేళ్ళు బడి సరిగ్గా లేని పిల్లలు వాళ్ళు. ముగ్గురిలో ఒకరు తప్పారు. మూడు సబ్జెక్టుల దాకా సప్లిమెంటరీకి కట్టాల్సింది నూటపది రూపాయలు. నూటపది రూపాయలు లేక చదువు మానేసిన పిల్లను నేను ఎరగను. కట్టరు, అంతే. ఆ ఫీజు వెనక ఇంకో ఏడాది ఆ పిల్ల కంచంలో అన్నం ఉంది, ఆమె చేయని కూలి ఉంది. నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు పత్తి విత్తనాల చేలల్లో వానాకాలం నుంచి క్రాసింగ్ పని మొదలవుతుంది. సాయంత్రం మొగ్గ విప్పి మగ భాగం గిల్లేయాలి, పొద్దున్నే మగ మొక్క పువ్వు తెచ్చి ఆ కీలాగ్రానికి రుద్దాలి. చిన్న చేతులకు బాగా కుదిరే పనని ఆడపిల్లలను అడుగుతారు. మునుపటంత లేదు, పోనూ లేదు. తప్పిన పిల్ల కోసం ఆ చేను ఎదురుచూస్తూ ఉంటుంది. సొంత కూతురు తప్పితే సప్లిమెంటరీ, చెల్లెలి కూతురు తప్పితే "సదువు అబ్బలేదు" అన్న తీర్పు. అదే మార్కుల మెమో, రెండు రకాలుగా చదువుతారు.

ఒక మేనమామ నాకు గుర్తున్నాడు. పత్తికొండ వైపు మెట్ట రైతు, చెల్లెలి కొడుకును సాకుతున్నాడు. పిల్లవాడు గణితం తప్పాడు. వాణ్ణి ఏం చేస్తావని నేను అడగబోతే, ఆయన నన్ను వింతగా చూసి, "ఏం జేయడమేంది సార్? మావోడు రెండు తూర్లు దప్పినాడు, ఈడు ఒక తూరే గదా" అన్నాడు. ఫోస్టర్ పెంపకం గురించి సర్కారు మార్గదర్శకాలన్నీ చదివాను. ఆయన మాటకు దగ్గరగా వచ్చే వాక్యం వాటిలో కనబడలేదు. పక్కపక్కన ఉన్న రెండు చాళ్ళకు ఒకే మడవ తిప్పినంత మామూలుగా అన్నాడు ఆ మాట, తానేదో గొప్ప చేస్తున్నానన్న ఎరుకే లేదు.

అందరూ ఆయనలా ఎందుకు లేరని నిలదీయడం నాకు ఇష్టం లేదు. వాన లేని ఏడు వేరుశెనగ పెట్టుబడి మట్టిలో పోయిన ఇంట్లో ఐదో కంచం పెట్టడమే పెద్ద సంగతి. అవ్వలు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి పేరెంట్స్ మీటింగుకు వచ్చి వేలిముద్ర వేసి పోయేవాళ్ళు. వాళ్ళను చూసినవాళ్ళెవరూ తేలికగా మాట్లాడలేరు. నేను వేలు చూపేది పెంచే చేతుల మీద కాదు, చుట్టూ ఉన్న మన మాటల మీద. "నీ అదృష్టం బాగుండి ఇట్లాంటి మామ దొరికినాడు", "వాళ్ళ రుణం తీర్చుకోవాల", "తిన్నింటి వాసాలు లెక్కబెట్టద్దు". ఇవి ఊళ్ళో ప్రతివాడూ, బళ్ళో ప్రతి పంతులూ ఆ పిల్లలకు ఉచితంగా ఇచ్చే దీవెనలు. కన్నవాళ్ళ దగ్గరున్న పిల్లకు పదిహేనేళ్ళప్పుడు రుణం సంగతి ఎవరూ ఎత్తరు. రుణం తలమీద పెట్టుకుని చదివే పిల్ల ప్రశ్న అడగదు. ప్రశ్న అడిగితే రాదని తెలిసిపోతుంది, రాదని తెలిస్తే చదువు దండగ అంటారు. బట్టీ పట్టి నెట్టుకొస్తుంది, ఎక్కడో ఒకచోట ముప్పై నాలుగు దగ్గర ఆగుతుంది. ట్యూషన్ ఫీజు ఇచ్చే దాత కన్నా ముందు ఆమెకు కావలసింది, తప్పినా ఈ ఇంట్లో అన్నం ఉంటుందన్న నమ్మకం. అది ఉంటే భిన్నాలు వాటంతట అవే వస్తాయని చెప్పను. రాకపోవచ్చు కూడా. రాని పిల్లను కూడా ఉంచుకోవడం గురించే మాట్లాడుతున్నాం.

డబ్బు పరిమితం, తెలివైన పిల్లలకు పెడితే ఫలితం ఉంటుంది గదా అని సేవాసంఘం నడిపే మిత్రుడొకడు నాతో వాదిస్తాడు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకున్న పిల్లకు లాప్‌టాప్ కొనిస్తే పది మందికీ కనబడుతుంది, నిజమే. కానీ తెలివైన పిల్లను ఆదుకోవడానికి దయ అక్కర్లేదు, బేరం తెలిస్తే చాలు. ఈ మాటకు వాడు నొచ్చుకున్నాడు. నేను వెనక్కు తీసుకోలేదు.

ప్రొద్దుటూరులో బట్టల అంగడిలో పనిచేసే అమ్మాయి ఒకతె అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. మేనత్త ఇంట పెరిగింది. బడిలో ఉన్నప్పుడు ఆమె గొంతు విన్నవాళ్ళు తక్కువ. పది తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కి, ఇంటర్ సాదాగా, డిగ్రీ అంతకన్నా సాదాగా పూర్తిచేసింది. ఏ పత్రికా రాయదగ్గ కథ కాదు. మొన్న ఫోన్‌లో అరగంట సేపు మేనత్త మీద చాడీలు చెప్పింది. "మాయత్త ఒట్టి పిసినారి సార్. నా జీతంలో నేను చీర కొనుక్కుంటే నాలుగు దినాల నుంచి సణుగుతాంది. నేనూ ఊరుకోలే, గెట్టిగానే అనేసినా." వెనక నుంచి అత్త గొంతు వినబడుతూనే ఉంది: "ఆ సారుకు గూడా చెప్పినావా? చెప్పు చెప్పు. ఆ చీర రంగు యెట్లుందో అదీ చెప్పు!"